వేదిక తీసేసిన తరువాత: చెన్నైలో మా తెలుగు గ్రంథాలయం ఏడు నెలల అనుభవం

జూలై రెండో శనివారం మా గ్రంథాలయంలో జరిగిన రచయిత్రి సభ ఎలా నడిచిందో నా డైరీలో నిమిషాలతో సహా రాసి ఉంది. అయిదు గంటలకు అనుకున్నది అయిదూ నలభైకి మొదలైంది. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, సభాధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి ప్రసంగం, ఇద్దరు ఆత్మీయ అతిథుల ప్రసంగాలు, పుస్తక పరిచయం, శాలువా, జ్ఞాపిక. ఇవన్నీ అయ్యి రచయిత్రి చేతికి మైకు అందేసరికి ఏడూ పది. పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కి, మధ్యాహ్నం సెంట్రల్లో దిగి, ఎండలో మా దాకా వచ్చిన మనిషి ఆమె. మాట్లాడింది పద్దెనిమిది నిమిషాలు. అప్పటికి నలభై కుర్చీలలో పదకొండింట్లోనే మనుషులున్నారు. ప్రశ్నలు అడగమంటే ఎవరూ లేవలేదు. వందన సమర్పణ అయ్యాక ఆమెను రాత్రి బండి ఎక్కించి వస్తూ, ఈ పద్ధతిలో ఇంకొక్క సభ కూడా పెట్టకూడదని నిశ్చయించుకున్నాను.

గ్రంథాలయంలో కార్యక్రమాల బాధ్యత నాది. జూలై నుంచి జనవరి వరకు రెండో, నాలుగో శనివారాల్లో పద్నాలుగు సమావేశాలు అనుకున్నాం. పన్నెండు జరిగాయి. వాటిలో అయిదింటికి రచయితలు వచ్చారు, ఏడు పుస్తక చర్చలు. ఈ ఏడు నెలల్లో ఏం మార్చామో, ఎందుకు మార్చామో, ఎక్కడ దెబ్బ తిన్నామో ఇలాంటి పని చేస్తున్న ఇతర ఊళ్ల మిత్రుల కోసం రాస్తున్నాను.

మా చోటు, మా మనుషులు

వడపళనిలో ఒక మేడ మీద రెండు గదులు మావి. చందాలు, విరాళాలతో నడుస్తుంది. మూడు వేల పైచిలుకు పుస్తకాలున్నాయి. గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాల వారీగా సర్దే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి ఇచ్చిన అంకె 894.827. ఆ చీటీ అంటించిన బీరువాలే మాకు ఏడు. వావిళ్ల వారి ముద్రణాలయం 1854లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా వెలువడిందీ ఇక్కడి నుంచే. 1947 జూలైలో మొదలైన చందమామకు చాలా ఏళ్లు చిరునామా మా వడపళనే. తెలుగు అచ్చుకు ఇంత చేసిన ఊళ్లో ఈనాడు తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు, తెలుగు చదివే ఇళ్లే తగ్గిపోతున్నాయి. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఉంటున్న ఊరి భాష పిల్లలు నేర్చుకోవడం మంచిదే, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ ఆ క్రమంలో చాలా ఇళ్లలో తెలుగు అక్షరం అమ్మమ్మతోనో తాతయ్యతోనో ఆగిపోయింది.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా కార్యక్రమాలు వేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జనం రాకపోవడానికి కారణం మేము పెద్ద పేరున్న రచయితలను పిలవలేకపోవడమేనని నమ్మాను. అది తప్పుడు అంచనా.

జూలై సభ నుంచి మధ్యలో లేచి వెళ్లినవాళ్లకు ఆ వారమంతా ఫోన్లు చేశాను. కొందరు బస్సు సంగతి చెప్పారు, కొందరు వంట సంగతి. కొరుక్కుపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒకావిడ మాత్రం ఇలా అన్నారు: “అమ్మా, నాకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. పుస్తకం చదివి రమ్మని మీరు కార్డులో వేశారు. చదవనిదాన్ని ఆ కుర్చీలో ఎలా కూర్చోను?” ఆవిడది నాలుగు తరాలుగా చెన్నైలో ఉన్న కుటుంబం. ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. చదువు మాత్రం తమిళంలో సాగింది. మా ఆహ్వాన పత్రికలో మర్యాదగా వేసిన ఒక్క వాక్యం ఆవిడను గుమ్మం బయట నిలబెట్టింది.

మాస్టారితో మాట

వేదిక తీసేయాలంటే ముందు దాటవలసింది ఒక మనిషి మనసు. మా సభలకు ఇరవై ఏళ్లుగా అధ్యక్షత వహిస్తున్న తెలుగు మాస్టారొకరున్నారు. మొదటి రెండు బీరువాలు ఆయన సొంత డబ్బుతో చేయించినవి. కమిటీలో అందరూ “మీరే చెప్పండి” అని నా మీద వేశారు. వాళ్లింటికి వెళ్లి, మాస్టారూ, ఇకమీదట అధ్యక్షత, ముఖ్య అతిథి, శాలువాలు వద్దనుకుంటున్నామండీ అని చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “వద్దంటున్నది అధ్యక్షతనా అమ్మా, నన్నా?”

“మిమ్మల్ని వదులుకుంటామా మాస్టారూ? ప్రతి సమావేశంలోనూ మొదటి పేజీ మీరు చదవాలి. పైకి చదవాలి, అందరికీ వినిపించేటట్టు.”

చాలాసేపు ఆయనేమీ మాట్లాడలేదు. వాళ్లావిడ కాఫీ తెచ్చి ఇచ్చి వెళ్లారు. చివరికి, “అక్షరాలు ఎంత లావున వేస్తారు?” అని అడిగారు. కొత్త పద్ధతికి ఆయన ఒప్పుకున్నది ఆ ప్రశ్నతోనే. కమిటీలో తక్కినవాళ్లు అంత తేలికగా ఒప్పుకోలేదు. పిలిచిన రచయితకు శాలువా కప్పకపోతే అవమానమన్నారు. రచయితకు రానుపోను ఖర్చులు, ఎంత చిన్నదైనా పారితోషికం కవరులో పెట్టి ముందే ఇవ్వడం, ఆయన పుస్తకాన్ని పదిమంది చదివి ఉండడం అంతకంటే పెద్ద మర్యాద అని వాదించాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఒక సభకు శాలువాలు, జ్ఞాపికలు, పూలదండలు, ఫ్లెక్సీ కోసం అయ్యే ఖర్చుతో ఒక నవల ఎనిమిది ప్రతులు కొనగలిగాం.

పుస్తకం ముందు, రచయిత తరువాత

ఆగస్టులో కుర్చీలను గుండ్రంగా వేశాం. రచయిత కూడా అందరిలో ఒకరుగా కూర్చున్నారు. ఆ సాయంత్రం ఇంకొక తప్పు బయటపడింది. సభ్యుల్లో ఒకరు, “మీ నవల చివర్లో ఆ అమ్మాయిని చంపవలసిన అవసరం ఏముంది?” అని సూటిగా అడిగారు. ప్రశ్న మంచిదే. కానీ అక్కడ ఉన్నవాళ్లలో నవల చదివింది ముగ్గురే. తక్కినవాళ్లకు అది ఒక నింద లాగా వినిపించింది, రచయితకూ అలాగే తోచింది. ఆయన ముఖం చిన్నబోయింది. గదిలో ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. నేను మాట మార్చాను. చేయవలసిన పని అది కాదు, కానీ ఆ క్షణంలో నాకు మరో దారి తోచలేదు.

ఆ తరువాత వరుసే మార్చేశాం. రచయిత రావడానికి రెండు వారాల ముందు ఆయన లేకుండా ఆ పుస్తకం మీద చర్చ పెడతాం. మెచ్చుకోళ్లు, అభ్యంతరాలు, అర్థం కానివి అన్నీ అక్కడే బయటికి వస్తాయి. రచయిత వచ్చేనాటికి అడిగేవాళ్లకు తాము అడగబోయేది ఏమిటో తెలిసి ఉంటుంది. దీనికి తోడు ఒకే ఒక్క నియమం పెట్టాం: ప్రశ్న పేజీ సంఖ్యతో మొదలు కావాలి. “నలభై రెండో పేజీలో ఆమె తలుపు వేసుకుందని రాశారు...” అని మొదలుపెట్టిన మనిషి సొంత ఉపన్యాసంలోకి జారిపోడు. ఈ కథ రాయాలన్న ఆలోచన మీకెలా వచ్చిందనే అరిగిపోయిన ప్రశ్న తనంతట తానే మాయమైంది. పేజీ చూసుకోలేనివారు తమకు గుర్తున్న వాక్యం చెబితే పక్కవారు వెతికి పెడతారు. ఇందువల్ల చదవగలిగినవారికీ చదవలేనివారికీ మధ్య మాటలు కలిశాయి. నియమం పెట్టినప్పుడు నేను ఈ మేలు ఊహించలేదు.

పైకి చదవడం

సెప్టెంబరు 21 గురజాడ పుట్టినరోజు కావడంతో ఆ నెల చర్చకు ‘కన్యాశుల్కం’ తీసుకున్నాం. 1897లో అచ్చయినదాన్ని ఆయన బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ ప్రచురించారు. మేము చదివింది ఆ రెండో కూర్పులోని మొదటి అంకం. నాటకం కనుక పాత్రలు పంచుకోవచ్చు. ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గిరీశం చదువుతానని ముందుకొచ్చాడు. గిరీశం మాటల్లో దొర్లే ఇంగ్లీషు అతని నోట గలగలా పారేది, తెలుగు వచ్చేసరికి అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. ఎవరూ తొందరపెట్టలేదు. రెండో రంగానికి వచ్చేసరికి పక్కన కూర్చున్న పెద్దావిడ ప్రతి తెలుగు వాక్యాన్నీ ముందుగా మెల్లగా అనడం, అతను దాన్ని గిరీశం గొంతుతో అనడం మొదలైంది. ఇలా చదివించండని నేను వాళ్లకు చెప్పలేదు. ఊళ్లలో పూర్వం ఒకరు పురాణం చదివితే మరొకరు అర్థం చెబుతూ పదిమంది విన్న అలవాటు మనవాళ్ల రక్తంలోనే ఉందని అనుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి చర్చా నలభై నిమిషాల పఠనంతోనే మొదలైంది. పుస్తకం చదివి రమ్మన్న వాక్యాన్ని ఆహ్వానం నుంచి తీసేసి, “వినడానికి రండి” అని వేశాం. కొరుక్కుపేట నుంచి వచ్చే ఆవిడ సెప్టెంబరు తరువాత జరిగిన ఏ సమావేశానికీ రాకుండా ఉండలేదు.

దీపావళి ముందు శనివారం రెండు చిన్న కథలు చదివాం. ఒకటి 1902లో వెలువడిన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’, రెండోది 1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’. తొలి తెలుగు కథ ఏదన్న వాదన వీటి చుట్టూ ఎప్పటి నుంచో ఉంది. ఆ వాదన జోలికి వెళ్లకుండా రెంటినీ పక్కపక్కన పెట్టి వినాలని అనుకున్నాం. రెండింటిలోనూ దారి తప్పబోయిన భర్తను భార్యే సరిదిద్దుతుంది. అచ్చమాంబ కథలో ఆమె ఎదురుగా నిలబడి చెబుతుంది. గురజాడ కథలో కమలిని ఉత్తరం రాసిపెట్టి దాక్కుంటుంది. “భర్తకు బుద్ధి చెప్పాలంటే మంచం కింద దాక్కోవలసిందేనా?” అని ఒకావిడ అడిగిన ప్రశ్న మీద గంటన్నర చర్చ నడిచింది. ఈ విడతలో అంత హోరుగా నడిచిన చర్చ మరొకటి లేదు.

ఆ సాయంత్రం ‘దిద్దుబాటు’లో ఒక భాగాన్ని ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదివే ఒక అమ్మాయి చదివింది. ఆ అమ్మాయికి తెలుగు లిపి రాదు. చేతిలో ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉంది, అది సంగీతం క్లాసుది. ముందు సగం నిండా త్యాగరాజ కృతులు తమిళ లిపిలో రాసి ఉన్నాయి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకే సంగీతం నేర్చుకునేవాళ్లు ఆ అక్షరం పైన ఒకటి నుంచి నాలుగు దాకా చిన్న అంకెలు వేసుకుంటారు. మూడు అంకె ఉంటే గ అని గుర్తు. వాళ్ల అమ్మమ్మ కథ చెబుతుంటే ఆ అమ్మాయి అదే పద్ధతిలో నోటు పుస్తకం వెనక వైపు రాసుకొచ్చింది. హడావిడిలో ఒకచోట అంకె వేయడం మరిచిపోయింది. గోపాలరావును “కోపాలరావు” అని చదివింది. తప్పు తనకే తెలిసి ఆగిపోయింది. మాస్టారు వెంటనే, “పరవాలేదు తల్లీ, ఆయనకు కోపం రావలసిన ఘట్టమే అది, కానీయ్” అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, పెన్సిలు తీసి ఆ అక్షరం పైన మూడు అంకె వేసుకుని మళ్లీ అందుకుంది.

ఆ నోటు పుస్తకాన్ని తరువాత అడిగి తీసుకుని చాలాసేపు చూశాను. మార్గశిరం వస్తే మైలాపూరు సంగీత సభల్లో వేలమంది తెలుగు కృతులు వింటారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు చదవలేరు. చదవకుండానే తెలుగును తరతరాలుగా చెవితో కాపాడుకుంటున్న ఊరు ఇది. ఈ ఊళ్లో ఉంటూ, మా గ్రంథాలయం మాత్రం కంటితో చదివేవాళ్లనే పాఠకులుగా లెక్కపెడుతూ వచ్చింది. ఎస్. ఆర్. రంగనాథన్ 1924 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాన్ని నడిపారు. గ్రంథాలయ శాస్త్రానికి ఆయన చెప్పిన అయిదు సూత్రాలు 1931లో పుస్తకంగా ఈ ఊరి నుంచే వచ్చాయి. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉండాలన్నది మూడో సూత్రం. పుస్తకాన్ని సరైన అరలో, అందరికీ కనబడేటట్టు పెడితే ఆ సూత్రం నెరవేరినట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు నా ఉద్దేశంలో మా ఊరికి అది చాలదు, కొన్ని పుస్తకాలను గదిలో గొంతెత్తి వినిపించాలి.

ప్రతులు, చట్టం, వాన

పని చేసేవాళ్లకు ఉపయోగపడే మాటలు కొన్ని. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1905లో పోయిన అచ్చమాంబ, 1915లో పోయిన గురజాడ రచనలను మేము పద్దెనిమిది పాయింట్ల అక్షరంతో టైపు చేయించి ముప్పై ప్రతులు తీసి పంచాం. కొడవటిగంటి కుటుంబరావు పోయింది 1980లో. ఆయన నవల ‘చదువు’ను జనవరిలో పెట్టుకున్నప్పుడు జెరాక్సు తీద్దామని కమిటీలో ఒకరన్నారు, నేను ఒప్పుకోలేదు. శాలువాల డబ్బుతో కొన్న ఎనిమిది ప్రతులు అవే. ఒక్కొక్కటి ఒక్కో ఇంట్లో వారం రోజులు ఉండి పక్కింటికి వెళ్లాలి. తేదీలు పుస్తకం లోపలి అట్ట మీదే అంటించాం. సమావేశంలో పైకి చదవడానికి ఇబ్బంది లేదు. ప్రచురితమైన రచన నుంచి తగుమాత్రం భాగాన్ని పదిమందిలో చదవడాన్ని చట్టం తప్పు పట్టదు.

నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానకు ఒక సమావేశం పోయింది. ఫోను కాన్ఫరెన్సులో చదివి చూశాం. గొంతు చక్కగా వినిపించింది కానీ చర్చ పుట్టలేదు. ఎదుటివాళ్లు ఆలోచిస్తూ మౌనంగా ఉన్నారో, లైను తెగిందో తెలియక అందరూ “వినబడుతోందా” అని అడుగుతూ ఉండిపోయారు. దాన్ని సమావేశంగా లెక్క వేయలేదు. వచ్చే ఏడు నవంబరు రెండో శనివారాన్ని ఖాళీగానే ఉంచుతాం. డిసెంబరు నాలుగో శనివారం కచేరీల కోసం మేమే వదులుకున్నాం.

‘చదువు’ చర్చ గురించి రెండు మాటలు చెప్పాలి. చందమామను దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన కుటుంబరావు మా పేటకు పరాయివాడు కాదు. సుందరం అనే పిల్లవాడి చదువు వెంట ఒక కాలాన్నంతా నడిపించిన నవల అది. పఠనం అయ్యాక తల్లిదండ్రులు నవలను పక్కన పెట్టి తమ పిల్లల ఫీజుల గురించి, ట్యూషన్ల గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. మొదట ఆపబోయాను. తరువాత ఊరుకున్నాను. పావుగంటకు ఒక తండ్రి తనంతట తానే పుస్తకం తెరిచి, “ఇదిగో, ఈ పేజీలో సుందరం వాళ్ల నాన్న కూడా...” అంటూ తిరిగి నవలలోకి వచ్చాడు. చర్చ నడిపేవాళ్లు ఎప్పుడు ఊరుకోవాలో నాకు నేర్పింది ఆ పావుగంట.

ఏం మిగిలింది, ఏం మిగలలేదు

హాజరు ఇరవై, ముప్పై మధ్య నిలకడగా ఉంది. జూలైలో మొదట కూర్చున్నవాళ్లకంటే ఇది తక్కువే. చివరి దాకా ఉండేవాళ్లు మాత్రం ఎక్కువ. నేను నమ్మే లెక్క వేరే ఉంది. సమావేశం తరువాత రెండు వారాల్లో అరువు రిజిస్టరులో ఆ రచయిత ఇతర పుస్తకాలు ఎన్ని కదిలాయో చూస్తాను. జూలై రచయిత్రివి మా దగ్గర మూడు పుస్తకాలున్నాయి, ఒక్కటీ కదలలేదు. అది ఆమె లోపం కాదు, మాది. నవంబరులో వానకు ముందే చర్చ చేసుకుని, నాలుగో శనివారం పిలిచిన కథకుడి పుస్తకాలు నాలుగూ బయటికి వెళ్లాయి. వాటి కోసం రిజిస్టరులో ఆరు పేర్లు వరుసలో ఉన్నాయి. జూలై రచయిత్రిని వచ్చే విడతలో మళ్లీ పిలుస్తున్నాం. ఈసారి ఆమె వచ్చేసరికి పుస్తకం మీద చర్చ జరిగి ఉంటుందని ఉత్తరంలో రాశాను, వస్తానన్నారు.

పాత సభ్యుల్లో నలుగురు రావడం మానేశారు. వేదిక లేని సభ సభే కాదన్నది వాళ్ల మాట. ఇళ్లకు వెళ్లి పిలిచాను, రాలేదు. అది నాకు బాధగానే ఉంది. పాత మహాబలిపురం రోడ్డు వైపు ఉద్యోగాలు చేసే యువత శనివారం సాయంత్రం అయిదింటికి వడపళని రాలేకపోతున్నారు. ఆ గిరీశం చదివిన అబ్బాయి తప్ప వాళ్లలో మరెవరూ రెండోసారి రాలేదు. పదేళ్ల లోపు పిల్లలను నలభై నిమిషాలు కూర్చోబెట్టడం మా వల్ల కాలేదు. వాళ్లకు వేరే గదిలో, వేరే వేళలో పావుగంట పఠనం పెట్టాలనుకుంటున్నాం. చదివేవాళ్లు ఇంకా కుదరలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మాస్టారు గొడుగు పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చారు. వచ్చే విడత మొదటి కథ ప్రతి ఇప్పుడే కావాలన్నారు. తీసి ఇస్తే వెలుగున్న కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూసి, పద్దెనిమిది చాలడం లేదు, ఇరవై నాలుగు వేయించమన్నారు. వేయించాను. తొమ్మిది పేజీల కథ పదిహేను పేజీలైంది. ఆ పదిహేనూ కుట్టించి, ఆ సాయంత్రమే వాళ్లింటికి పంపాను.